యుద్ధంలో ఇల్లు, అయినవాళ్ళను కోల్పోయిన పౌరులు పరిహారానికి దరఖాస్తు చేసుకోవడం ఎలా?

1990 ఆగస్టులో ఇరాక్ సేనలు కువైట్‌ను ఆక్రమించడం వల్ల నష్టపోయినవారికి పరిహారం ఇప్పించడానికి ఐక్యరాజ్యసమితి భద్రతామండలి 1991లో ఒక పరిహార సంఘాన్ని ఏర్పాటు చేసింది. సుమారు 27 లక్షల దరఖాస్తులను పరిశీలించి, దాదాపు 15 లక్షల మందికి 5,240 కోట్ల డాలర్లు మంజూరు చేసిన ఆ సంఘం చివరి వాయిదాను చెల్లించేసరికి 2022 జనవరి వచ్చింది. ఇరాక్ చమురు ఎగుమతి ఆదాయంలో నిర్ణీత వాటా నేరుగా ఆ నిధికి జమయ్యేది కాబట్టి, యుద్ధ పరిహారం చరిత్రలో అంత సజావుగా సాగిన ఏర్పాటు అరుదనే చెప్పాలి. వ్యక్తుల చిన్న దరఖాస్తులకు ముందు వరస ఇచ్చినప్పటికీ, మొత్తం లెక్క తేలడానికి ముప్పై ఏళ్ళకు పైగా పట్టింది.

కాబట్టి డబ్బు ఎప్పుడు అందుతుందో మీరు నిర్ణయించలేరు. ఆ డబ్బుకు ఆధారమయ్యే కాగితాలు, ఫోటోలు, సాక్షుల మాటలు మాత్రం తొలి వారాల్లో దొరికినంత సులువుగా మళ్ళీ ఎన్నడూ దొరకవు. అనేక దేశాల్లో పరిహార చట్టం నష్టం జరిగిన చాలా కాలానికి వస్తుంది. అప్పటికి శిథిలాలు ఎత్తివేసి ఉంటారు, సాక్షులు తలో దిక్కుకూ వెళ్ళిపోయి ఉంటారు. అందుకే ఈ వ్యాసంలో ఫారం నింపడం కంటే ఆధారాలు కూడబెట్టుకోవడం గురించే ఎక్కువ చెప్పవలసి వస్తోంది. దేశాన్ని బట్టి చట్టం, గడువు, మొత్తం మారుతాయి గానీ, దరఖాస్తును పరిశీలించే అధికారి అడిగే ప్రశ్నలు ఎక్కడైనా దాదాపు ఒకటే: ఏం పోయింది, అది మీదేనా, యుద్ధం వల్లే పోయిందా, దాని విలువ ఎంత?

శిథిలాలు ఎత్తివేయక ముందే నష్టాన్ని నమోదు చేయండి

అన్నిటికంటే ముందు ప్రాణం. పేలని బాంబులు, కూలడానికి సిద్ధంగా ఉన్న గోడలు, తెగిపడిన కరెంటు తీగలు ఉన్నచోటికి ఫోటోల కోసం వెళ్ళకండి. లోపలికి వెళ్ళవచ్చని అధికారులు చెప్పేదాకా బయటి నుంచి తీసినవే చాలు. శకలాలు, గుండ్లు కనిపిస్తే చేత్తో తాకకుండా, ఉన్నచోట ఉన్నట్టే దూరం నుంచి ఫోటో తీసి, సంబంధిత సిబ్బందికి తెలియజేయండి.

ఫోటోలు తీయడంలో ఒక క్రమం పాటిస్తే వాటి విలువ పెరుగుతుంది. మొదట వీధి మొత్తం, పక్క ఇళ్ళు, ఎవరైనా గుర్తుపట్టగల కట్టడం ఏదైనా ఒకటి కలిసి కనిపించేలా దూరం నుంచి తీయండి. తరువాత ఇంటి నంబరు పలక, ఇంటి నాలుగు వైపులు, పైకప్పు, ఆపైన గది తరువాత గది తీయండి. చివరగా గోడకు పడ్డ రంధ్రం, నేలలో పడిన గుంట, కాలిన దూలం వంటివి దగ్గరగా, పక్కన కొలత తెలిసే వస్తువు ఏదైనా పెట్టి తీయండి. దగ్గరి ఫోటోలు ఒక్కటే ఉన్న దరఖాస్తులు చాలా వస్తుంటాయి. విరిగిన గోడ ఏ ఊరిలోనైనా ఒకేలా ఉంటుంది కనుక, ఆ గోడ మీ ఇంటిదేనని నిరూపించేది దూరం నుంచి తీసిన ఫోటోయే. వీలైతే వీధి మొదటి నుంచి ఇంటి లోపలి గదుల దాకా ఎక్కడా ఆపకుండా నడుస్తూ ఒక వీడియో తీసి, అందులో తేదీ, చిరునామా, మీ పేరు మీ గొంతుతోనే చెప్పండి.

ఫోన్‌లో లొకేషన్ ఆన్ చేసి తీసిన ఫోటో ఫైలులో తేదీ, సమయం, స్థలం వాటంతట అవే నమోదవుతాయి. అయితే ఆ ఫోటోను వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఆ వివరాలు చెరిగిపోతాయి. డాక్యుమెంట్‌గా పంపితే నిలుస్తాయి. అసలు ఫైలును కత్తిరించకుండా, వెలుతురు సవరించకుండా, దానిమీద ఏమీ రాయకుండా అలాగే ఉంచి, కాపీలు కనీసం రెండు వేర్వేరు చోట్ల దాచండి. అందులో ఒకటి యుద్ధ ప్రాంతానికి బయట ఉన్న బంధువుల దగ్గర ఉంటే మంచిది.

మీరు ముందే ఊరు విడిచి వెళ్ళిపోయి ఇంటిని చూడలేకపోతే, పాత ఫోటోలను వెతకండి. పెళ్ళి ఫోటోలో వెనక కనిపించే అలమర, పిల్లల పుట్టినరోజు వీడియోలో కనిపించే టీవీ, కొత్తగా రంగు వేయించినప్పుడు చెల్లెలికి పంపిన ఫోటో వంటివన్నీ ఇంటి పూర్వస్థితికి సాక్ష్యాలే. మీ ఫోన్ పోయినా, అవి అందుకున్నవారి ఫోన్లలో ఉంటాయి, అడిగి తెప్పించుకోండి. నష్టానికి ముందు, తరువాత ఆ ప్రాంతాన్ని తీసిన ఉపగ్రహ చిత్రాలు కూడా చాలాచోట్ల అందుబాటులో ఉంటాయి, కప్పు కూలిన ఇంటిని వాటిలో స్పష్టంగా గుర్తించవచ్చు.

ఇక వస్తువుల జాబితా. ‘ఇంట్లోని సామానంతా పోయింది’ అని ఒక్క వాక్యం రాస్తే పరిశీలించే అధికారికి దానిమీద లెక్క కట్టే వీలుండదు. గదుల వారీగా కాగితం తీసుకుని, కళ్ళు మూసుకుని ఆ గదిలోకి వెళ్ళినట్టు ఊహించుకుంటూ, గుమ్మం దగ్గర నుంచి కుడివైపుగా ఒక్కొక్క వస్తువును రాయండి. ఒక్కో వరుస ఇలా ఉండాలి: ‘వంటగది, రెండు తలుపుల ఫ్రిజ్, 2019లో కొత్తది కొన్నాము, బిల్లు కాలిపోయింది, 2021 నాటి మూడో ఫోటోలో వెనక కనిపిస్తుంది, పూర్తిగా ధ్వంసం.’ కొన్న ఏడాది, కొన్నప్పటి స్థితి, ఆధారం, ఇప్పటి స్థితి అనే నాలుగు సంగతులూ ప్రతి వస్తువుకూ ఉండాలి. ఈ పని కుటుంబంలో ఇద్దరు విడివిడిగా చేసి, తరువాత రెండు జాబితాలను కలిపితే మరచిపోయినవి బయటపడతాయి. బంగారం, నగదు గురించి మాత్రం అధికారులు సహజంగానే అనుమానంగా చూస్తారు; బ్యాంకు లాకరు రసీదు, నగల దుకాణం బిల్లు, ధరించినప్పటి ఫోటో లేకుండా పెద్ద మొత్తాలు రాస్తే మిగతా జాబితా మీద కూడా నమ్మకం తగ్గుతుంది.

మరమ్మతులు అధికారి వచ్చి చూసేదాకా ఆపవలసిన అవసరం లేదు. వర్షం, చలి ఆగవు కదా. కానీ పని మొదలుపెట్టే ముందు ఫోటోలు తీసి, సామగ్రి బిల్లులు, కూలి చెల్లించిన రసీదులు తేదీలతో సహా దాచండి.

ప్రాణనష్టానికి సంబంధించిన పత్రాలు

ఈ భాగం చదవడమే కష్టంగా ఉంటుంది, చేయడం మరీ కష్టం. దుఃఖంలో ఉన్న ఇంటివాళ్ళు కాకుండా, దగ్గరి బంధువుల్లో ఒకరు ఈ బాధ్యత తీసుకోవడం మంచిది.

మరణ ధ్రువపత్రం తీసుకునేటప్పుడు ముఖ్యంగా చూడవలసింది మరణ కారణం అనే గడి. అక్కడ ‘గుండె ఆగిపోవడం’ అని మాత్రమే రాసి ఉంటే, అది వైద్యపరంగా తప్పు కాకపోయినా, యుద్ధంతో సంబంధాన్ని చూపదు. షెల్ దాడిలో గాయాలు, బాంబు పేలుడు, తుపాకి గాయం వంటి మూలకారణం, సంఘటన జరిగిన స్థలం, తేదీ కనిపించేలా వైద్యుడిని అప్పుడే అడగండి. ఆ పత్రంలో వీలుకాకపోతే ఆసుపత్రి కేస్ షీట్, పోస్ట్‌మార్టం నివేదిక, అంబులెన్స్ నమోదు వంటి వాటి ప్రతులు తీసుకోండి. గాయపడిన చాలా రోజులకు మరణించినట్టయితే, గాయం నుంచి మరణం దాకా ప్రతి చికిత్స కాగితం వరసగా ఉండాలి. మధ్యలో ఒక లంకె తెగినా మరణం వేరే కారణం వల్ల జరిగిందన్న అభ్యంతరం రావచ్చు.

ప్రభుత్వం అదుపులో లేని ప్రాంతంలో మరణం సంభవిస్తే, అక్కడి ఆక్రమణ అధికారులు ఇచ్చిన పత్రాన్ని మీ ప్రభుత్వం చెల్లదనవచ్చు. అయినా దాన్ని పారేయకండి, అది సాక్ష్యంగా పనికివస్తుంది. ఉక్రెయిన్‌లో ఇలాంటి సందర్భాల కోసమే పౌర విచారణ చట్టంలోని 317వ అధికరణ కింద, ఆక్రమిత ప్రాంతంలో జరిగిన జనన మరణాలను న్యాయస్థానం ద్వారా ధ్రువీకరించుకునే ప్రత్యేక దారి ఉంది. ఆసుపత్రి, శ్మశానం, ప్రార్థనాలయం రికార్డులు, అంత్యక్రియలకు హాజరైనవారి వాంగ్మూలాలు అక్కడ ఆధారాలవుతాయి.

మరణంతో పాటు బంధుత్వాన్ని కూడా నిరూపించాలి. వివాహ ధ్రువపత్రం, పిల్లల జనన ధ్రువపత్రాలు, కుటుంబ సభ్యుల నమోదు పత్రం సిద్ధం చేసుకోండి. అన్నిటిలో పేర్లు, పుట్టిన తేదీలు ఒకేలా ఉన్నాయో లేదో పోల్చి చూడండి. ఒక అక్షరం తేడా వల్ల దరఖాస్తు నెలల తరబడి ఆగిపోవడం ఏ దేశంలోనైనా మామూలే. తేడా కనిపిస్తే, రెండు పేర్లూ ఒకే వ్యక్తివని చెప్పే అఫిడవిట్‌ను ముందే జతచేయండి.

ఆచూకీ తెలియనివారి విషయంలో

మనిషి తప్పిపోయినప్పుడు కుటుంబం ముందు నిలిచే ప్రశ్న క్రూరమైనది: చనిపోయినట్టు ఒప్పుకుంటేనే డబ్బు, పింఛను, ఆస్తి హక్కు వస్తాయి, ఒప్పుకుంటే వెతకడం మానేసినట్టు అనిపిస్తుంది. ఈ ఇబ్బందిని తొలగించడానికే కొన్ని దేశాలు మరణ ధ్రువపత్రానికి బదులు గైర్హాజరు ధ్రువపత్రం ఇస్తున్నాయి. అర్జెంటీనా 1994లో బలవంతంగా అదృశ్యం చేయబడినవారికి ప్రత్యేక హోదా ఇస్తూ చట్టం చేసింది. శ్రీలంక 2016 నుంచి అంతర్యుద్ధంలో తప్పిపోయినవారి కుటుంబాలకు గైర్హాజరు ధ్రువపత్రాలు ఇచ్చే వీలు కల్పించింది. ఆ పత్రంతో కుటుంబం సంక్షేమ సాయం పొందవచ్చు, తప్పిపోయినవారి ఆస్తి వ్యవహారాలు చూసుకోవచ్చు, అదే సమయంలో విచారణ కూడా కొనసాగుతుంది. మీ దేశంలో ఇలాంటి పత్రం ఉందో లేదో తెలుసుకోకుండా, సాయం తొందరగా వస్తుందన్న మాట మీద మరణ ధ్రువపత్రానికి సంతకం చేయకండి. చేస్తే విచారణ మూసేస్తారా అని రాతపూర్వకంగా అడగండి.

చేయవలసిన పనులు మూడు. పోలీసుల దగ్గర, ప్రభుత్వం నియమించిన ప్రత్యేక కార్యాలయం ఉంటే అక్కడ, చివరిసారి చూసిన స్థలం, సమయం, వేసుకున్న దుస్తులు, ఒంటిమీది గుర్తులతో ఫిర్యాదు నమోదు చేయించి నంబరు తీసుకోండి. అంతర్జాతీయ రెడ్‌క్రాస్ కమిటీకి చెందిన ఆచూకీ విభాగానికి కూడా దరఖాస్తు పెట్టండి. యుద్ధఖైదీల, నిర్బంధితుల వివరాలు రెండు పక్షాల నుంచీ అందే అవకాశం ఉన్న సంస్థ అది. మూడవది డీఎన్‌ఏ నమూనా. 1996లో ఏర్పడిన తప్పిపోయినవారి అంతర్జాతీయ కమిషన్ బోస్నియాలోని స్రెబ్రెనిత్సా ఊచకోత మృతుల్లో దాదాపు 7,000 మందిని ప్రధానంగా బంధువులిచ్చిన రక్త నమూనాల ఆధారంగానే గుర్తించగలిగింది. తల్లిదండ్రుల, పిల్లల నమూనాలు గుర్తింపుకు ఎక్కువ ఉపయోగపడతాయి, పెద్దవాళ్ళు ఉండగానే ఇప్పించండి.

ఆస్తి మీదేనని నిరూపించడం

దస్తావేజు చేతిలో ఉంటే సమస్య లేదు. కానీ యుద్ధంలో ఇల్లు కాలిపోతే దస్తావేజు కూడా దాంతోనే కాలిపోతుంది, ఒక్కోసారి రిజిస్ట్రేషన్ కార్యాలయం కూడా. 1999లో కొసావో నుంచి సెర్బియా అధికారులు వెళ్ళిపోతూ భూమి రికార్డుల్లో చాలా భాగాన్ని తీసుకుపోయారు. యజమానులకు తమ భూమిని తమదని చూపించుకోవడమే పెద్ద పోరాటమైంది. అందువల్ల ఒకే పత్రం మీద ఆధారపడకుండా, ఆస్తి పన్ను రసీదులు, కరెంటు, నీటి బిల్లులు, ఇంటి రుణం ఇచ్చిన బ్యాంకు దగ్గరున్న ప్రతులు, ఓటరు జాబితాలోని చిరునామా, బీమా పాలసీ, పాత కోర్టు కేసుల కాగితాలు వంటివి కూడగట్టండి. ఒక్కొక్కటిగా ఇవి బలహీనమైనవే అయినా, నాలుగైదు కలిస్తే దస్తావేజుకు దగ్గరగా నిలుస్తాయి. ఇరుగుపొరుగువారి వాంగ్మూలాలు కూడా జతచేయండి, అవి కేవలం ‘ఇల్లు వీళ్ళదే’ అని కాకుండా, ‘మేము ఈ వీధిలో ఫలానా ఏడాది నుంచి ఉంటున్నాము, వీరి ఇంటికీ మా ఇంటికీ మధ్య ఉమ్మడి గోడ ఉంది, పై అంతస్తు మా కళ్ళముందే కట్టారు’ అన్నట్టు, సాక్షికి ఆ విషయం ఎలా తెలుసో చెప్పేలా ఉండాలి.

అద్దెకున్నవారు ఇంటికి పరిహారం అడగలేకపోయినా, సామాన్లకు అడగవచ్చు. ఇల్లు చనిపోయిన తాతగారి పేరునే ఉండిపోయి వారసులు ఎప్పుడూ మార్పించుకోకపోతే, ముందు వారసత్వ ధ్రువపత్రం తెచ్చుకోవాలి. దీనికి సమయం పడుతుంది కాబట్టి పరిహార పథకం కోసం ఎదురుచూడకుండా ఇప్పుడే మొదలుపెట్టండి. ఇల్లు భర్త పేరున మాత్రమే ఉన్నచోట భార్య దరఖాస్తును పక్కన పెట్టే ధోరణి చాలా దేశాల్లో కనిపిస్తుంది. ఆమె కూడా సహ దరఖాస్తుదారుగా మొదటి నుంచే సంతకం చేయడం మేలు.

యుద్ధం మధ్యలో బెదిరింపులకు లొంగి ఇల్లు అమ్మేసినవారు కూడా ఆశ వదులుకోనక్కరలేదు. బోస్నియాలో యుద్ధాన్ని ముగించిన 1995 నాటి డేటన్ శాంతి ఒప్పందం ఏడవ అనుబంధం నిర్వాసితులకు తమ ఆస్తిని తిరిగి పొందే హక్కునిచ్చింది, దాని కింద ఏర్పడిన ఆస్తి కమిషన్ బలవంతపు అమ్మకాలను చెల్లనివిగా పరిగణించింది. కొలంబియాలో 2011 నాటి 1448వ చట్టం మరో అడుగు ముందుకు వేసి, నిర్వాసితుడు భూమితో తనకున్న సంబంధాన్ని ప్రాథమికంగా చూపితే చాలు, ఆ అమ్మకం సక్రమమేనని నిరూపించే భారాన్ని ఇప్పుడు భూమి పట్టుకున్నవారి మీద పెట్టింది. బెదిరించిన ఉత్తరాలు, మెసేజ్‌లు, మార్కెట్ కంటే ఎంత తక్కువకు అమ్మారో చూపే కాగితాలు ఉంటే దాచండి.

ఏ తలుపు తట్టాలి?

యుద్ధ పరిహారానికి ఒకే కార్యాలయం ఉంటుందనుకోవడం పొరపాటు. సాధారణంగా నాలుగైదు దారులుంటాయి, వాటిని ఒకదానితో ఒకటి కలపకుండా చూసుకోవాలి.

మొదటిది మీ సొంత ప్రభుత్వం తెచ్చిన చట్టం లేదా పథకం. ఇరాక్‌లో 2009 నాటి 20వ చట్టం సైనిక చర్యలు, సైనిక పొరపాట్లు, ఉగ్రవాద చర్యల వల్ల కలిగిన మరణం, గాయం, అదృశ్యం, ఆస్తినష్టం అన్నిటికీ పరిహారం ఇవ్వాలని చెబుతుంది, ప్రావిన్సుల్లోని ఉపసంఘాలు దరఖాస్తులు తీసుకుంటాయి. ఉక్రెయిన్ 2023లో ధ్వంసమైన ఇళ్ళకు పరిహారమిచ్చే చట్టం తెచ్చింది. ఇలాంటి పథకాల్లో ఎవరి గుండు తగిలిందన్న ప్రశ్న అంతగా రాదు, అది వీటిలోని పెద్ద సౌకర్యం. 

రెండవది శత్రుదేశం నుంచి రాబట్టడానికి అంతర్జాతీయంగా ఏర్పాటు చేసిన నమోదు వ్యవస్థ. యూరప్ కౌన్సిల్ 2023 మేలో ఏర్పాటు చేసిన ఉక్రెయిన్ నష్టాల రిజిస్టర్ నెదర్లాండ్స్‌లోని హేగ్ నగరం నుంచి పనిచేస్తూ, 2024 ఏప్రిల్ 2 నుంచి నివాస గృహాల నష్టాలతో దరఖాస్తులు స్వీకరించడం మొదలుపెట్టింది. అది 2022 ఫిబ్రవరి 24న గానీ ఆ తరువాత గానీ జరిగిన నష్టాలను నమోదు మాత్రమే చేస్తుంది, డబ్బు చెల్లించదు. ‘రిజిస్టర్‌లో ఎక్కితే వచ్చే నెల డబ్బు పడుతుంది’ అని ఎవరైనా చెబితే నమ్మకండి. కానీ నమోదు చేయడం మానకండి కూడా. కువైట్ విషయంలో వ్యక్తులు నేరుగా ఐక్యరాజ్యసమితికి దరఖాస్తు పెట్టుకోలేకపోయారు. అక్కడ పనిచేసిన వివిధ దేశాల కార్మికుల దరఖాస్తులు వారి వారి ప్రభుత్వాల ద్వారానే వెళ్ళాయి. ఏ దేశం లెక్కల్లోనూ లేని శరణార్థులకు మాత్రం ఐక్యరాజ్యసమితి సంస్థల ద్వారా వీలు కల్పించారు. అందుకే విదేశంలో నష్టపోయినవారు తమ రాయబార కార్యాలయంలో వివరాలు నమోదు చేయించుకోవాలి.

మూడవది విదేశీ సైన్యం ఇచ్చే సొమ్ము. అమెరికాకు 1942 నాటి విదేశీ దావాల చట్టం ఉంది గానీ, పోరాటంలో జరిగిన నష్టాలకు అది వర్తించదు. సైనిక వాహనం ఢీకొట్టడం వంటి పోరాటేతర సంఘటనలకే, అదీ రెండేళ్ళలోగా అడిగితేనే వర్తిస్తుంది. పోరాటంలో చనిపోయినవారి కుటుంబాలకు ఇరాక్, ఆఫ్ఘనిస్తాన్‌లలో సంతాప చెల్లింపుల పేరిట, సాధారణంగా 2,500 డాలర్ల వరకు ఇచ్చేవారు. ఇది తప్పు ఒప్పుకుని ఇచ్చే పరిహారం కాదు, కేవలం ఎక్స్‌గ్రేషియా. తీసుకోవాలా వద్దా అన్నది మీ ఇష్టం, తీసుకోవడంలో చిన్నతనమేమీ లేదు. సంతకం పెట్టించుకునే కాగితంలో ‘ఇకపై ఎలాంటి దావా వేయను’ అన్న వాక్యం ఉందా లేదా అన్నది మాత్రం మీ భాషలోకి చదివించుకుని చూడండి.

బీమా నాలుగవది. ఇంటి బీమా పాలసీల్లో యుద్ధ నష్టం మినహాయింపు దాదాపు ఎప్పుడూ ఉంటుంది. అయినా దరఖాస్తు చేసి, తిరస్కరణ లేఖను రాతపూర్వకంగా తీసుకోండి, ప్రభుత్వ ఫారాల్లో ‘వేరే చోట నుంచి ఏమైనా పొందారా’ అనే ప్రశ్నకు అది తిరుగులేని జవాబు. జీవిత బీమా షరతులు వేరుగా ఉంటాయి కనుక విడిగా చదవాలి.

ఇక న్యాయస్థానం. 1907 నాటి నాలుగవ హేగ్ ఒప్పందం మూడవ అధికరణ, జెనీవా ఒప్పందాలకు చేర్చిన 1977 నాటి మొదటి అదనపు ప్రోటోకాల్ 91వ అధికరణ, యుద్ధ నియమాలను ఉల్లంఘించిన పక్షం పరిహారం చెల్లించాలని స్పష్టంగా చెబుతున్నాయి. ఆచరణలో మాత్రం, ఒక పౌరుడు తన దేశపు కోర్టులో మరో దేశం మీద దావా వేస్తే సార్వభౌమ రక్షణ, అంటే ఒక దేశాన్ని మరో దేశపు కోర్టు విచారించకూడదన్న నియమం, అడ్డుపడుతుంది. 2012 ఫిబ్రవరి 3న అంతర్జాతీయ న్యాయస్థానం జర్మనీ, ఇటలీల కేసులో రెండో ప్రపంచయుద్ధ బాధితులకు ప్రతికూలంగా ఇదే మాట చెప్పింది. కోర్టు ఖర్చు పెట్టే ముందు మిగతా దారులన్నీ చూడమని చెప్పడం అందుకే.

దరఖాస్తు రాయడం, సమర్పించడం

దరఖాస్తుకు జతచేసే వివరణ రెండు మూడు పేజీలు మించనక్కరలేదు. యుద్ధం ఎవరి తప్పు, ఎవరు మొదలుపెట్టారు అన్న చర్చ అందులో వద్దు. ఏ తేదీన, సుమారు ఎన్ని గంటలకు, మీరు ఎక్కడ ఉన్నారు, ఏం విన్నారు, ఏం చూశారు, తరువాత ఎవరికి చెప్పారు అనేవి వరసగా రాయండి. మీరు స్వయంగా చూసినదీ ఇతరులు చెప్పగా తెలిసినదీ విడివిడిగా ఉండాలి. గంట సరిగ్గా గుర్తు లేకపోతే ‘తెల్లవారుజామున’ అని రాయడమే మంచిది. ఊహించి రాసిన గంట మరొక సాక్షి చెప్పినదానికి విరుద్ధమైతే మొత్తం వాంగ్మూలం మీద నీడ పడుతుంది.

మొత్తం అడిగేటప్పుడు రెండు పద్ధతులు ఎదురవుతాయి. కొన్ని పథకాలు ఆధారాలు పెద్దగా అడగకుండా స్థిరమైన మొత్తం ఇస్తాయి. మరికొన్ని నిరూపించినంత మేరకు ఇస్తాయి. కువైట్ నుంచి పారిపోవలసి వచ్చినవారికి ఒక్కొక్కరికి 2,500 డాలర్లు, ఇంకే విభాగంలోనూ దరఖాస్తు పెట్టబోమని ఒప్పుకున్నవారికి 4,000 డాలర్లు నిర్ణయించారు. ఇలాంటి ఎంపిక వచ్చినప్పుడు నా అభిప్రాయం సూటిగా చెబుతాను: పోయినది ఎక్కువై, కాగితాలు గట్టిగా ఉంటే హక్కు వదులుకోకండి, కాగితాలు లేక, చేతిలో డబ్బు అత్యవసరమైతే స్థిరమైన మొత్తమే మేలు.

విలువ ఏ తేదీ నాటి ధరల ప్రకారం లెక్కిస్తారో తప్పక అడగండి. బ్రిటన్‌లో 1941 నాటి యుద్ధనష్టాల చట్టం పూర్తిగా ధ్వంసమైన ఇళ్ళకు 1939 మార్చి నాటి ధరల ఆధారంగా విలువ కట్టింది. యుద్ధం ముగిసేసరికి నిర్మాణ ఖర్చులు బాగా పెరగడంతో తరువాత ఆ మొత్తాన్ని పెంచవలసి వచ్చింది. అందుకే ఫారంలో ఒకే అంకె అడిగినా, అనుబంధంలో నష్టం జరిగిన రోజు విలువ, మళ్ళీ కట్టడానికయ్యే ఖర్చు రెండూ వేర్వేరుగా ఇవ్వండి, రెండవదానికి ఇంజనీరు అంచనా జతచేయండి.

ఒకే నష్టానికి కుటుంబంలో ఇద్దరు వేర్వేరుగా దరఖాస్తు పెడితే కంప్యూటర్ పరిశీలనలో రెండూ ఆగిపోతాయి. ఎవరు పెడుతున్నారో ముందే తేల్చుకోండి. అసలు పత్రాలు ఎవరికీ ఇవ్వకండి. తనిఖీ కోసం చూపించి, ధ్రువీకరించిన నకళ్ళు ఇవ్వండి. సమర్పించిన రోజున తేదీ, నంబరు, జతచేసిన పత్రాల సంఖ్య ఉన్న రసీదు లేకుండా కౌంటర్ నుంచి కదలకండి. ఆన్‌లైన్‌లో అయితే చివరి తెరను ఫోటో తీసుకోండి. వచ్చిన సొమ్ములో వాటా ఇస్తే పని తొందరగా చేయిస్తామనేవారు ప్రతి పరిహార కార్యాలయం బయటా ఉంటారు. ఇలాంటి దరఖాస్తులకు చాలాచోట్ల న్యాయ సహాయ సంస్థలు ఉచితంగా సాయపడుతున్నాయి, ఆ వాటా ఎవరికీ ఇవ్వనక్కరలేదు.

ఇరాక్ వంటి చోట్ల దరఖాస్తుదారు కుటుంబంలో ఎవరికీ సాయుధ ముఠాలతో సంబంధం లేదన్న భద్రతా అనుమతి అడుగుతారు. బంధువు చేసిన పనికి వితంతువులు, పిల్లలు కూడా అక్కడే ఆగిపోయిన సందర్భాలు ఎన్నో ఉన్నాయి. ఈ అడ్డంకి వస్తే నోటి మాటతో వెనక్కి రాకుండా, నిరాకరణను కాగితం మీద అడిగి, మానవ హక్కుల న్యాయవాదిని కలవండి.

తీర్పు వచ్చిన తరువాత

ఏళ్ళ తరబడి సాగే వ్యవహారం కాబట్టి ఫోన్ నంబరు, చిరునామా, బ్యాంకు ఖాతా మారిన ప్రతిసారీ కార్యాలయానికి రాతపూర్వకంగా తెలపండి. మంజూరైన సొమ్ము ఇవ్వడానికి మనిషి దొరకక నిధులు వెనక్కి పోయిన ఉదంతాలు కువైట్ వ్యవహారంలోనూ ఉన్నాయి. దరఖాస్తుదారు మధ్యలో మరణిస్తే ఎవరు కొనసాగించాలో ఇంట్లో ముందే అనుకుని, ఫైలు నకలు వారికి ఇచ్చి ఉంచండి.

నిర్ణయపత్రం అందిన రోజే అప్పీలు గడువు లెక్క పెట్టండి, అది చాలాసార్లు వారాల్లోనే ముగుస్తుంది. తిరస్కరించిన కారణాన్ని చదివి దానికే జవాబివ్వాలి. ఆధారం చాలదంటే కొత్త ఆధారం, విలువ ఎక్కువంటే ఇంజనీరు అంచనా, గడువు దాటిందంటే ఆలస్యానికి కారణం చూపే పత్రం. పాత దరఖాస్తునే మళ్ళీ రాసి పంపితే పాత జవాబే వస్తుంది. కొంత భాగం మాత్రమే మంజూరైతే ఆ సొమ్ము తీసుకుంటూనే మిగతాదానికి అప్పీలు చేయవచ్చా అని అడిగి, చేయవచ్చంటే రసీదు మీద ‘అప్పీలు హక్కుకు భంగం లేకుండా స్వీకరించాను’ అని రాసి సంతకం చేయండి.

మరణానికి వచ్చిన పరిహారం ఒక్కరి ఖాతాలో పడినా, అది తరచుగా భార్య లేదా భర్త, పిల్లలు, తల్లిదండ్రులు అందరిదీ. ఎవరి వాటా ఎంతో నిర్ణయపత్రంలో లేకపోతే, డబ్బు ఖర్చు కాకముందే కుటుంబ ఒప్పందం రాసుకుని అందరూ సంతకాలు చేయండి. మైనర్ల వాటాను వారి పేరుతో విడి ఖాతాలో వేయించి, సంరక్షకుడు ఒంటరిగా తీయలేని విధంగా న్యాయస్థానం అనుమతి షరతు పెట్టించండి.